పసి అభిమానం

గ్రేటర్ నోయిడాలో పేటలకు గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అంటూ బయలుదేరి ఆ వరుస ఒమిక్రాన్ దాకా సాగుతుంది. పొలాల మధ్య ఈ పట్టణాన్ని గీసినవారికి ఆ ఆలోచన ఎలా తట్టిందో గాని, ఆంగ్ల సాహిత్యం చదువుకొని అనువాదాలతో కాలం గడుపుతున్న నాకు ఇంటి చిరునామా రాయవలసి వచ్చినప్పుడల్లా చిన్న నవ్వు వస్తుంది. సికింద్రాబాదులో మేమున్న వీధికి ఒక చెట్టు పేరు ఉండేది. ఇక్కడి వీధికి అక్షరమే పేరు.

మా ఇంటి వెనుక పార్కులో సాయంకాలం అయిదు దాటగానే పిల్లలు బంతితో చేరుతారు. మూడవ అంతస్తులోని మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ ముఖాలు కనబడవు, వీపులు కనబడతాయి. వీపుల మీద పేర్లు. మెస్సీలు ముగ్గురు, రొనాల్డోలు ఇద్దరు, ఎంబాపే ఒక్కడు. మాంచెస్టరును గాని, మాడ్రిడ్‌ను గాని పటంలో చూపించమంటే వీరిలో ఎందరు చూపించగలరో చెప్పలేను. కాని ఆ ఊరి జట్టు ఓడిపోయిన మర్నాడు బడిబస్సు ఎక్కేటప్పుడు వీళ్ళ ముఖాలు చూడాలి! పరీక్ష తప్పినా అంత దిగులు పడరు.

ఈ గుంపులో పసుపుపచ్చ చొక్కా మావాడొక్కడిదే. అది హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు చొక్కా. మేము 2023లో ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆ చొక్కాను గుర్తుపట్టినవారు ఒక్కరూ లేరు. "ఇదేం టీము?" అని హిందీలో అడిగిన ప్రతివాడికీ మావాడు ఓపికగా జవాబు చెబుతూ వచ్చాడు.

2025 అక్టోబరులో ఒకనాడు వాడు బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి దించకుండానే, "అమ్మా, మన టీము ఢిల్లీకి వచ్చేసిందట. పేరు కూడా మార్చేశారట" అన్నాడు. సంతోషంతో అన్నాడో దుఃఖంతో అన్నాడో నాకు బోధపడలేదు. బహుశా వాడికీ బోధపడి ఉండదు.

వార్త నిజమే. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు ఇకమీదట స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. కొన్నాళ్ళుగా దానిని నడుపుతున్న యాజమాన్యం దానిని రాజధానికి తరలించింది. మా ఇంటి నుంచి అప్పటిదాకా పదిహేనువందల కిలోమీటర్ల దూరంలో ఉన్న జట్టు ఇప్పుడు మెట్రో రైలు అందుకొనేంత దగ్గరకు వచ్చింది. లెక్క ప్రకారం మావాడు గంతులు వెయ్యాలి. వెయ్యలేదు.

ఆ క్లబ్బు వయస్సు చాలా చిన్నది. 2019లో పుట్టింది. మొదటి ఏడాది పట్టికలో అడుగున నిలిచింది. తరువాతి రెండేళ్ళూ మహమ్మారి కారణంగా పోటీలన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేని మైదానాలలోనే ఎక్కువగా జరిగాయి. 2022 మార్చి 20న ఫటోర్డాలో జరిగిన తుదిపోటీకి మాత్రం జనాన్ని రానిచ్చారు. ఎదుట కేరళ బ్లాస్టర్స్. మైదానం నిండా వాళ్ళ అభిమానులే. 88వ నిమిషం వరకూ మనవాళ్ళు ఒక గోలు వెనుకబడే ఉన్నారు. అప్పుడు సాహిల్ తవోరా కొట్టిన బంతి వలలో పడింది. చివరకు పెనాల్టీలలో గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపి, జట్టును దేశానికి విజేతగా నిలిపాడు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ టపాకాయలు కాల్చలేదు. క్రికెట్టయితే కాల్చేవారు. మా ఇంట్లో మాత్రం ఏడేళ్ళ కుర్రవాడొకడు దిండును గుండెకు హత్తుకొని కట్టిమణిలాగా మంచం మీద అటూ ఇటూ దూకాడు. మంచం కోడు విరిగింది.

ఆ మరుసటి సీజనులో జట్టు గచ్చిబౌలి బాలయోగి క్రీడాంగణానికి తిరిగి వచ్చింది. నాకు ఈ ఆట పెద్దగా తెలియదు. ఆఫ్‌సైడ్ నిబంధనను మావాడు నాకు ఉప్పుడబ్బా, పోపుడబ్బాలతో పలుమార్లు వివరించాడు, ఇప్పటికీ సందేహమే. అయినా వాడి కోసం రెండుమూడు మ్యాచిలకు వెళ్ళాను. ఒక మ్యాచి ముగిశాక ఆటగాళ్ళు చప్పట్లు కొడుతూ మైదానం చుట్టూ తిరుగుతున్నారు. ఒకాయన మా ముందు ఆగి, మావాడి పేరు అడిగాడు. మాది నాలుగక్షరాల తెలుగు పేరు. ఆ ఆటగాడు ఈశాన్య రాష్ట్రం వాడు కాబోలు, మొదటిసారి తప్పు పలికాడు. మావాడు సరిచేశాడు. అతను రెండవసారి సరిగా పలికి, కంచె మీదుగా చెయ్యి చాపి, వెళ్ళిపోయాడు. అంతే జరిగింది. నిమిషం కూడా పట్టలేదు. కాని ఇంటికి వచ్చేదాకా మావాడు ఆటను గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "నా పేరు రెండుసార్లు అన్నాడమ్మా" అనే మాటే మూడు నాలుగుసార్లు అన్నాడు.

ఇక్కడ ఒక అనువాదకురాలి చాదస్తం మన్నించాలి. ఇంగ్లీషులో ఇటువంటి పిల్లవాణ్ణి 'ఫ్యాన్' అంటారు. ఆ మాట 'ఫెనటిక్' అనే మాటకు తోక తెగిన రూపం. పూనకం వచ్చినవాడని దాని వెనుక ఉన్న అర్థం. మనం మాత్రం 'అభిమాని' అంటున్నాము. అభిమానమనే మాట చిత్రమైనది. ఒకరి మీద మనకు గల ప్రేమా అభిమానమే, మన మీద మనకు గల గౌరవమూ అభిమానమే. 'అభిమానం చంపుకొని చెయ్యి చాపాను' అన్నప్పుడు మనం చెప్పేది ఆ రెండవదానిని గురించి. ఏ భాషలోకీ ఈ మాటను నేను తృప్తిగా అనువదించలేకపోయాను. పెద్దవాడి దయ పసివాడి వద్దకు వచ్చినప్పుడు దానికి పరీక్ష ఈ మాటలోనే ఉన్నదని నాకు తోస్తుంది. మొదటి అభిమానానికి బదులు ఇస్తూ రెండవ అభిమానాన్ని గాయపరచకుండా ఉండడం తేలిక కాదు.

ఈ ఆటలో పిల్లల పట్ల దయ నిన్నమొన్న వచ్చిన అలంకారమేమీ కాదు. ప్రపంచంలోని ప్రసిద్ధమైన క్లబ్బులలో ఒకటి పుట్టిందే పిల్లల ఆకలి తీర్చడానికి. స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి తూర్పు భాగాన ఐర్లండు నుంచి కరువుకు తాళలేక వలస వచ్చినవారి మురికివాడలు ఉండేవి. అక్కడ బడులు నడిపే వాల్‌ఫ్రిడ్ అనే మారిస్టు సన్యాసి, తన బడికి ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలను చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఆయనే ఐర్లండులోని స్లైగో ప్రాంతం నుంచి వచ్చినవాడు. అసలు పేరు ఆండ్రూ కెరిన్స్. పిల్లలకు ఒక పెన్నీకి వేడి భోజనం పెట్టే ఏర్పాటు ఆయన అప్పటికే ప్రారంభించాడు. దానికి నిధులు కావాలి. ఎడిన్‌బరోలో ఐరిషువారి జట్టు హైబర్నియన్ 1887లో స్కాటిష్ కప్పు గెలిచింది. దాని చుట్టూ జనం ఎలా మూగుతున్నారో ఆయన గమనించాడు. ఆ ఏడాదే నవంబరు 6న గ్లాస్గోలోని సెయింట్ మేరీ చర్చి హాలులో సమావేశం జరిపి సెల్టిక్ క్లబ్బును స్థాపించారు. 1888 మే 28న మొదటి మ్యాచి. ఎదుటి పక్షం రేంజర్స్. 5–2తో గెలిచారు. గేటు దగ్గర చేరిన డబ్బు పిల్లల భోజనపు బల్లకు చేరాలన్నది సంకల్పం.

ఈ కథలో నన్ను ఆకట్టుకొన్నది కప్పులు కావు, ఆ ఒక్క పెన్నీ. అన్నం ఊరికే పెట్టవచ్చును గదా! పెన్నీ తీసుకోవడమెందుకు? ఆయన ఉద్దేశమేమిటో నేను చెప్పలేను గాని, ఫలితం మాత్రం ఊహించగలను. పెన్నీ ఇచ్చి తిన్న పిల్లవాడు బల్ల ముందు తల ఎత్తి కూర్చుంటాడు.

ఇంతకూ ఆ సంకల్పం ఎన్నాళ్ళు నిలిచింది? వాల్‌ఫ్రిడ్‌ను ఆయన సంఘంవారు లండనుకు బదిలీ చేశారు. 1897లో క్లబ్బు వాటాదారుల లిమిటెడ్ కంపెనీ అయింది. భోజనపు బల్లకు వెళ్ళే సొమ్ము వెనుకకు పోయింది, లాభాల పంపకం ముందుకు వచ్చింది. పిల్లల కోసం పుట్టిన సంస్థ పుట్టి పదేళ్ళు నిండేసరికే వ్యాపారమైంది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు, 1990ల నుంచి, క్లబ్బు మళ్ళీ తన పుట్టుకను జ్ఞాపకం చేసుకొని దానధర్మాల నిధిని నడుపుతూ వస్తున్నది. పార్క్‌హెడ్ మైదానం ముందు నేడు వాల్‌ఫ్రిడ్ విగ్రహం ఉన్నది.

ఇప్పటి సంగతికి వస్తే, పెద్ద మ్యాచి మొదలయ్యేటప్పుడు ఆటగాళ్ళ చేతులు పట్టుకొని పసిపిల్లలు మైదానంలోకి నడిచి రావడం మనం టెలివిజనులో చూస్తూనే ఉంటాము. వారిని మస్కట్లు అంటారు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఇంగ్లండులో కొన్ని క్లబ్బులు ఆ ముచ్చటకు వందల పౌండ్లు వసూలు చేస్తాయనీ, మరికొన్ని చిల్లిగవ్వ తీసుకోవనీ తెలిసినప్పటి నుంచి ఆ చేతులను చూస్తుంటే, ఎవరిది ఏ లెక్కలో వచ్చిన చెయ్యో అని నాకు అనుమానం కలుగుతూ ఉంటుంది. గ్లాస్గో పెన్నీకీ ఈ పౌండ్లకూ పోలిక లేదు.

ఇంగ్లండునే చెప్పుకొంటే, ఈశాన్య తీరాన సండర్లండ్ అనే ఊరున్నది. ఒకప్పుడు నౌకలు కట్టిన ఊరు, బొగ్గు తవ్విన ప్రాంతం. రెండూ మూతబడ్డాయి. ఫుట్‌బాల్ జట్టు మిగిలింది. ఆ సమీపంలోని బ్లాక్‌హాల్ కాలరీ అనే పల్లెలో బ్రాడ్లీ లౌరీ అనే బాలుడు 2011లో పుట్టాడు. ఏడాదిన్నర వయస్సులోనే వాడికి న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సరు ఉన్నదని వైద్యులు కనుగొన్నారు. చికిత్సతో తగ్గినట్టే తగ్గి, 2016లో తిరగబెట్టింది. ఆ సెప్టెంబరు 12న ఎవర్టన్‌తో జరిగిన మ్యాచికి సండర్లండ్ వాణ్ణి మస్కట్‌గా పిలిచింది. వాడిది అయిదేళ్ళ వయస్సు. అమెరికాలో చికిత్స చేయించాలని తల్లిదండ్రులు చందాలు పోగుచేస్తున్నారని తెలిసి, ఎదుటి పక్షమైన ఎవర్టన్ రెండు లక్షల పౌండ్లు ప్రకటించింది. ఆ రోజు మ్యాచిలో ఎవర్టన్ మూడు గోళ్ళతో సండర్లండ్‌ను చిత్తు చేసింది. వాడి జట్టును ఓడించినవారే వాడికి అండగా నిలిచారు.

అక్కడితో ఆగితే దీనిని ఒక మంచి వార్తగా చదివి మరచిపోయేవాళ్ళం. ఆగలేదు. ఆ జట్టులో గోళ్ళు కొట్టే జెర్మెయిన్ డెఫో అనే ఆటగాడికి ఆ పిల్లవాడితో స్నేహం కలిసింది. పత్రికల ఛాయాచిత్రాల కోసం కలిసిన స్నేహం కాదు. ఆస్పత్రికి వెళ్ళి మంచం మీద వాడి పక్కన పడుకొని కబుర్లు చెప్పేవాడు. డిసెంబరు నాటికి ఈ జబ్బు ఇక నయం కాదని వైద్యులు తేల్చారు. డిసెంబరు 14న చెల్సీతో మ్యాచికి ముందు, సన్నాహపు వేళ, బ్రాడ్లీ చేత పెనాల్టీ కొట్టించారు. చెల్సీ గోలీ అస్మీర్ బెగోవిచ్ ఒక పక్కకు దూకాడు. బంతి నెమ్మదిగా దొర్లుకుంటూ వలలో పడింది.

బి.బి.సి.లో 'మ్యాచ్ ఆఫ్ ది డే' అనే కార్యక్రమం నెలనెలా ఉత్తమమైన గోలును ఎంపిక చేస్తుంది. ఆ డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు హెన్రిఖ్ మ్‌ఖితార్యాన్, తేలు కొండి ఎత్తినట్టుగా మడమను వెనుకకు ఎత్తి, అద్భుతమైన గోలు చేశాడు. విధివిలాసం చూడండి, అదీ సండర్లండ్ మీదనే. ఆ గోలుకు సాటిగా బ్రాడ్లీ గోలును కూడా ఎంచి, బహుమానాన్ని ఇద్దరికీ పంచారు. ఇది హాస్యమే. కాని ఎంత గౌరవంతో కూడిన హాస్యం! "పాపం, జబ్బు పిల్లవాడు" అని ఎవరూ వాడికి బొమ్మ ఇచ్చి పంపలేదు. "నువ్వు కొట్టినదీ గోలే" అన్నారు. నేను పైన చెప్పిన రెండవ అభిమానాన్ని ఇంత నేర్పుగా కాపాడిన సంఘటన నాకు మరొకటి తెలియదు.

2017 మార్చి 26న వెంబ్లీలో ఇంగ్లండు జట్టు లిథువేనియాతో ఆడినప్పుడు డెఫో చెయ్యి పట్టుకొని బ్రాడ్లీ మైదానంలోకి నడిచాడు. జూలై 7న వాడు కన్నుమూశాడు. ఆరేళ్ళు. అప్పటికి డెఫో వేరే క్లబ్బుకు మారిపోయాడు. ఆ ముందురోజున పత్రికలవారి సమక్షంలో పిల్లవాడి ప్రసక్తి రాగానే అతను మాట్లాడలేక కంట తడి పెట్టాడు. ఇక సండర్లండ్ సంగతి. ఆ సీజను పట్టికలో ఆ జట్టు చిట్టచివరన నిలిచి పై శ్రేణి నుంచి జారిపోయింది. ఆటలో ఆ క్లబ్బు చెప్పుకోదగినది ఏమీ లేని సంవత్సరమది. పిల్లవాడి పేరిట ఏర్పడిన నిధి నేటికీ రోగగ్రస్తులైన పిల్లల కుటుంబాలకు తోడ్పడుతున్నది.

దయ ఎప్పుడూ ఇలాగే పరిణమిస్తుందని అనుకొంటే పొరపాటు. అదే 2016లో, జనవరి మాసంలో, ఒక ఛాయాచిత్రం లోకమంతా తిరిగింది. ఆఫ్ఘనిస్తానంలోని గజనీ రాష్ట్రం, జాఘోరీ అనే కొండప్రాంతం. అయిదేళ్ళ మూర్తజా అహ్మదీ మెస్సీ చొక్కా కావాలని మారాం చేశాడు. రైతు కుటుంబం, కొనే స్తోమత లేదు. అన్న ఒక ఉపాయం చేశాడు. నీలం, తెలుపు చారలున్న ప్లాస్టిక్ సంచిని కత్తిరించి, వెనుక మెస్సీ పేరూ 10 అంకే రాసి, తమ్ముడికి తొడిగాడు. ఆ బొమ్మ చూసి కరగనివారు లేరు. ఫిబ్రవరిలో మెస్సీ సంతకం చేసిన నిజమైన చొక్కాలూ ఒక బంతీ యునిసెఫ్ ద్వారా వాడికి అందాయి.

కథ ఇక్కడ ముగిస్తే ఎంత బాగుండేది! చొక్కాలతోపాటు పేరు వచ్చింది. మెస్సీ ఆ కుటుంబానికి ధనరాశులు ఇచ్చి ఉంటాడని చుట్టుపక్కల పుకారు పుట్టింది. బెదిరింపులు మొదలయ్యాయి. పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారనే భయంతో కుటుంబం పాకిస్తాను వెళ్ళింది, అక్కడ నెగ్గుకు రాలేక తిరిగి వచ్చింది. ఆ డిసెంబరులో బార్సిలోనా జట్టు దోహాలో ఆడడానికి వచ్చినప్పుడు మూర్తజాను అక్కడికి పిలిపించారు. మెస్సీ ఎత్తుకొన్నాడు. పిల్లవాడు అతణ్ణి వదలడే! మైదానం నుంచి పంపబోతే మళ్ళీ మళ్ళీ వెనక్కు పరుగెత్తాడు, చివరకు ఎత్తుకొని తీసుకుపోవలసి వచ్చింది. ప్రేక్షకులు మురిసిపోయి నవ్వారు. 2018 నవంబరులో తాలిబాన్లు జాఘోరీ మీద దాడి చేసినప్పుడు తల్లి పిల్లలను తీసుకొని రాత్రికి రాత్రి కాబూలుకు పారిపోయింది. బంతీ, చొక్కాలూ ఇంట్లోనే ఉండిపోయాయి.

మెస్సీని గాని, బార్సిలోనాను గాని నేను తప్పు పట్టడం లేదు. వారు మంచిపనే చేశారు. వేల కిలోమీటర్ల అవతల ఉన్నవారికి ఆ పల్లె రాత్రులు ఎలా ఉంటాయో ఎలా తెలుస్తుంది? కాని బ్రాడ్లీ కథను, మూర్తజా కథను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగానే ఉన్నది. ఒకడి మంచం పక్కకు నెలల తరబడి మనిషి వచ్చాడు. మరొకడికి వస్తువు వచ్చింది, ఒకరోజు కౌగిలి దొరికింది. ఆ దోహా దృశ్యాన్ని నేను మళ్ళీ చూసినప్పుడు, వాడు వెనక్కు పరుగెత్తడం నాకు నవ్వుగా తోచలేదు.

దగ్గరితనం మాట వచ్చింది గనుక మన హైదరాబాదు వైపు తిరుగుతాను. నేటి ఐ.ఎస్.ఎల్. హంగులు పుట్టకముందే మన నగరం దేశపు ఫుట్‌బాల్‌కు రాజధానిగా వెలిగింది. సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. జనం నోట రహీం సాబ్. స్వతహాగా ఆయన బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలులోనూ, చాదర్‌ఘాట్ హైస్కూలులోనూ పనిచేశాడు. పంతులు బుద్ధి ఆయన ఆటలోనూ పోలేదు. కుర్రవాళ్ళు బంతిని తమ వద్దే అట్టిపెట్టుకోకుండా ఇతరులకు అందించడం నేర్వాలని, బంతిని వెంట నడిపించడం నిషేధించిన పోటీలు పెట్టేవాడు. కుడికాలి వాటం వాళ్ళు ఎడమకాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి. 1963లో ఆయన మరణించాడు. 2024లో వచ్చిన 'మైదాన్' చలనచిత్రం వల్ల ఆ పేరు ఈనాటి పిల్లలకు కొంత తెలిసింది.

సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు బంతి ఆట మీద ప్రాణం పెట్టుకొన్నాడు. బూట్లు కొనే శక్తి లేక, పోలీసులు పారేసిన పాత బూట్లను బాగుచేయించుకొని ఆడేవాడు. ఒక స్థానిక మ్యాచిలో వాడి ఆట రహీం కంటబడింది. హైదరాబాదు జట్టు ఎంపికకు రమ్మన్నాడు. సికింద్రాబాదు నుంచి రోజూ రావడానికి డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడు. రహీం అద్దె సైకిలుకు కావలసిన డబ్బు తానే ఇచ్చి రప్పించుకొన్నాడు. ఆ సైకిలు ఎంత దూరం వెళ్ళిందో చూడండి: 1956లో మెల్‌బోర్న్, 1960లో రోమ్. రోమ్‌లో హంగరీ మీద గోలు, పెరూ మీద గోలు. 1962లో జకార్తా స్వర్ణం. 2023 ఫిబ్రవరిలో బలరాం కలకత్తాలో మరణించే నాటికి ఆ బంగారు జట్టులో మిగిలినవారు ఏ కొద్దిమందో.

బలరాం ఆటగాడు, నేను మాట్లాడుతున్నది చూసేవాళ్ళ గురించి, రెండింటికీ పొత్తేమిటని ఎవరైనా అడగవచ్చు. అమ్ముగూడ కుర్రవాడు ముందు మైదానం గట్టు మీద నిలబడి చూసినవాడే కదా! పిల్లల విషయంలో గట్టుకూ మైదానానికీ మధ్య పెద్ద గోడ ఉండదు. నేడు చప్పట్లు కొట్టినవాడు రేపు బంతి తన్నుతాడు. గట్టు మీది వాణ్ణి పేరుతో పిలిచేవాడొకడు ఉండాలి. సైకిలు అద్దె ఎంతో వాడికి తెలిసి ఉండాలి.

అందుచేతనే మా పసుపుచొక్కా విషయం నన్ను వదలడం లేదు. 2023–24లో హైదరాబాద్ క్లబ్బుకు ఆర్థికపు చిక్కులు వచ్చాయి. పేరున్న ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రవాళ్ళతోనే జట్టు బరిలోకి దిగి వరుసగా ఓడుతూ వచ్చింది. దేశవిజేత రెండేళ్ళలో పట్టిక అడుగుకు చేరింది. అప్పుడు కూడా గచ్చిబౌలిలో జెండాలు పట్టుకొని కూర్చున్నవారిలో పిల్లలున్నారు. గెలిచే జట్టును ప్రేమించడంలో గొప్పేమున్నది? ఓడే జట్టును పట్టుకొని వేలాడడం పసివాళ్ళకే చేతనవును. తరువాత జట్టు తరలిపోయింది. క్లబ్బు నడవాలంటే డబ్బు కావాలి, డబ్బు పెట్టినవారికి తమకు అనువైన చోట నడుపుకొనే హక్కు ఉంటుంది, ఒప్పుకొంటాను. లైసెన్సు బదలాయించవచ్చు, పేరు మార్చవచ్చు, ఆటగాళ్ళను విమానం ఎక్కించవచ్చు. గచ్చిబౌలి మెట్ల మీద కూర్చున్న పిల్లలను ఏ కాగితంతో బదలాయించడం?

మావాడి అదృష్టమో, దురదృష్టమో, వాడొక్కడు మాత్రం జట్టు కన్న ముందే ఢిల్లీ పరిసరాలకు వచ్చి ఉన్నాడు. "చూడడానికి వెళదామా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. "ఏ చొక్కా వేసుకోవాలమ్మా?" అన్నాడు. పాతది వేసుకొంటే అక్కడివాళ్ళు నవ్వుతారేమోనని వాడి భయం. కొత్తది వేసుకొంటే సికింద్రాబాదులోని స్నేహితుడికి ఏమి చెప్పాలనేది మరో బెంగ. నాకు జవాబు తోచలేదు. నా దగ్గర ఉన్న నిఘంటువులలో ఇటువంటి ప్రశ్నలకు జవాబు ఉండదు.

"ఆ రోజు నా పేరు అడిగిన అన్న ఇప్పుడు ఈ టీములో ఉన్నాడా?" అని మరి కాసేపటికి అడిగాడు. ఇద్దరమూ కూర్చొని కంప్యూటరులో జట్టు జాబితా వెతికాము. అందులో అతని ముఖం లేదు. ఏ క్లబ్బులో ఉన్నాడో ఇంకా వెతుకుతున్నాము. పేరు మాకు తెలియదు. అతనికి మావాడి పేరు తెలుసు, అదీ రెండుసార్లు పలికిన పేరు. మేము మాత్రం ఆ సందడిలో అతని పేరు అడగడం మరిచాము.

పసుపుచొక్కా ఇప్పుడు పొట్టిదైంది. చేతులు ఎత్తితే బొడ్డు కనబడుతున్నది. అయినా ఆదివారాలు అదే వేసుకొని పార్కుకు వెళుతున్నాడు. మొన్న కొత్తగా వచ్చిన ఒక చిన్నపిల్లవాడు, అందరూ అడిగినట్టే, ఇది ఏ టీము అని అడగడం నాకు వంటింటి కిటికీలోంచి వినబడింది. మావాడు ఎప్పటిలాగే ఓపికగా చెప్పాడు, "హైదరాబాద్ కీ థీ" అని. 'హై' అనవలసిన చోట 'థీ' అన్నాడు.